నెల జీతం పదిహేనో తారీకుకే ఎందుకు అయిపోతోంది? అది మన నాయకులకు ఎందుకు తెలియడం లేదు?

(ఇది ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్ల మధ్య నడిచిన చర్చ. రాసినవాళ్లవి కలం పేర్లు, పక్కన ఉన్నది వాళ్ల ఊరు.)

చంపావతి (డెంకాడ)

మా వైపు ఈ మధ్య జరిగిన ఒక సభలో ఒక నాయకుడు, ఇప్పుడు కూలి చేసుకునేవాళ్ల చేతుల్లో కూడా స్మార్ట్‌ఫోన్లు ఉన్నాయనీ, ప్రతి గడప ముందూ మోటారు సైకిలు ఉందనీ, కాబట్టి పేదరికం గురించి మాట్లాడేవాళ్లు పాత పాటే పాడుతున్నారనీ అన్నారు. ఆయన పేరు గానీ పార్టీ పేరు గానీ ఇక్కడ రాయను. ఆ మాట ఏ వేదిక మీద వినపడినా నాకు వింతగా తోచదు.

ఆయన చూసిన మోటారు సైకిలు నాదే అనుకుందాం. నేను పైడిభీమవరం వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నాను. రాత్రి షిఫ్టు దిగే వేళకు మా ఊరి వైపు బస్సు ఉండదు, ఫ్యాక్టరీ బస్సులో పర్మినెంటు వాళ్లకే సీటు. అందుచేత అప్పు చేసి బండి కొనవలసి వచ్చింది. పీఎఫ్, ఈఎస్‌ఐ పోగా చేతికి వచ్చే పదమూడు వేలలో బండి కిస్తీ, పెట్రోలు కలిపి అయిదు వేలు దాటుతున్నాయి. పనికి వెళ్లి రావడానికే జీతంలో మూడో వంతుకు పైగా పోతోందన్న మాట. ఫోను సంగతీ అంతే. రేషను కార్డుకు ఈకేవైసీ కావాలన్నా, పిల్లల బడి డబ్బులు పడ్డాయో లేదో చూసుకోవాలన్నా, బ్యాంకు ఓటీపీ రావాలన్నా ఫోను లేకుండా జరగదు. ప్రభుత్వమే తప్పనిసరి చేసిన వస్తువును తెచ్చి మా కలిమికి గుర్తుగా చూపించడం ఏం న్యాయమో నాకు బోధపడలేదు.

మిగిలిన దానిలో పాలు, నూనె, కరెంటు, గ్యాసు, అమ్మ బీపీ మాత్రలు, పాప బడి ఆటో, పొదుపు సంఘం కిస్తీ అన్నీ నడవాలి. పదిహేనో తారీకు దాటిన తరువాత మా ఇంటి సరుకులు కిరాణా కొట్టు ఖాతా మీదే వస్తాయి. ఖాతా మీద కందిపప్పు తీసుకునేవాడు కిలో ఎంత అని అడగడు. కొట్టాయన పొట్లం కట్టి పుస్తకంలో రాసుకుంటాడు, మనం తల ఊపి వస్తాం. డబ్బులిచ్చి కొనేవాడికి ఒక ధర, మనకు ఒక ధర అని తెలిసినా మాట్లాడే మొహం ఉండదు.

మా నాన్నగారు జూట్ మిల్లులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి దిగిపోయారు. ఆయనకు వచ్చే పీఎఫ్ పింఛను రెండు వేలకు లోపే. నేను అడగదలచుకున్నది ఒక్కటే. నాయకులకు మా నెల ఎలా గడుస్తుందో నిజంగా తెలియదా, లేక తెలుసుకోవలసిన అవసరం వాళ్లకు కలగడం లేదా?

కోట జంక్షన్ (విజయనగరం)

తమ్ముడూ, నీ కష్టాన్ని నేను కాదనను, కానీ ఎప్పుడూ ఒక వైపే చూడవద్దు. వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి 4,000 రూపాయలైంది, ఏడాదికి మూడు గ్యాసు సిలిండర్లు ఉచితమయ్యాయి, అన్న క్యాంటీనులో అయిదు రూపాయలకు భోజనం పెడుతున్నారు, ఆడవాళ్లకు బస్సు టిక్కెట్టు లేదు, బడికి వెళ్లే పిల్లకు తల్లి ఖాతాలో డబ్బు పడుతోంది. అంతకు ముందు ప్రభుత్వమూ వేరే పేర్లతో ఇలాంటివే చేసింది. ప్రజల కష్టం అసలే తెలియనివాళ్లయితే ఇవన్నీ ఎందుకు చేస్తారు? ఇంకొక మాట కూడా చెప్పనివ్వు. ఎన్నికల ముందు రాత్రి కవరు తీసుకోని ఇళ్లు మన వీధుల్లో ఎన్ని ఉన్నాయి? తీసుకున్న తరువాత నాయకుడికి మన గోడు పట్టలేదని అంటే ఆయన లోపల నవ్వుకోడా?

లెక్కల మాస్టారు (విజయనగరం)

కోట జంక్షన్ గారు చెప్పిన పథకాలు అబద్ధం కావు, వాటివల్ల ఇళ్లలో ఊపిరి ఆడుతున్న మాట కూడా నిజమే. అయితే చంపావతి అడిగింది సాయం గురించి కాదని నేననుకుంటున్నాను. చేసిన పనికి రావలసిన డబ్బు గురించి ఆ అబ్బాయి అడిగాడు. ఈ రెంటినీ కలిపేయడం వల్లనే మన చర్చలన్నీ దారి తప్పుతున్నాయి.

ఒక లెక్క చూడండి. పార్లమెంటు సభ్యుల జీతం 2018లో నెలకు లక్ష రూపాయలు చేశారు. అదే సంవత్సరం ఆర్థిక చట్టంలో ఇంకొక ఏర్పాటు కూడా పెట్టుకున్నారు. ధరల పెరుగుదల సూచీని బట్టి, 2023 ఏప్రిల్‌తో మొదలుపెట్టి, ప్రతి అయిదేళ్లకూ వాళ్ల జీతం దానంతట అదే పెరుగుతుంది. ఆ ప్రకారమే 2025 మార్చిలో ప్రకటన వెలువడి, జీతం 1,24,000 రూపాయలైంది, పెంపు 2023 ఏప్రిల్ 1 నుంచి వర్తించింది. నియోజకవర్గ భత్యం 70,000 నుంచి 87,000కు, కార్యాలయ ఖర్చుల భత్యం 60,000 నుంచి 75,000కు, సమావేశాల రోజుల్లో ఇచ్చే దినభత్యం 2,000 నుంచి 2,500కు, మాజీ సభ్యుల పింఛను 25,000 నుంచి 31,000కు చేరాయి. ఎవరూ ధర్నా చేయలేదు, ఎవరూ అర్జీ పెట్టలేదు, సభలో ఒక్క ఓటు కూడా వేయవలసిన పని పడలేదు.

ఇప్పుడు చంపావతి వాళ్ల నాన్నగారి వైపు రండి. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం (పీఎఫ్ పింఛను అంటే ఇదే) కింద కనీస పింఛనును 2014 సెప్టెంబరులో వెయ్యి రూపాయలుగా నిర్ణయించారు. పదేళ్లు దాటినా అది వెయ్యి దగ్గరే నిలిచి ఉంది. దానిని 7,500 చేసి కరువు భత్యం కలపమని పింఛనుదారులు దేశమంతటా ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. పార్లమెంటు సభ్యులకు ఇచ్చిన 24 శాతాన్ని ఆ వెయ్యికి కలిపినా 1,240 మాత్రమే అవుతుంది, ఆ పాటి కూడా కలపలేదు. పింఛను లెక్క కట్టే సూత్రం కూడా చెబుతాను. పింఛనుకు తీసుకునే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు. 2014 సెప్టెంబరుకు ముందు ఆ జీతానికి పరిమితి 6,500 రూపాయలే కాబట్టి, అప్పటికి 18 ఏళ్ల సర్వీసు ఉన్నవారికి 1,671 రూపాయలు వస్తాయి. 1995కు ముందు చేసిన చాకిరీకి కలిపేది స్వల్పం. పీఎఫ్ చందా కట్టకుండానే వచ్చే వృద్ధాప్య పింఛను నాలుగు వేలయినప్పుడు, జీతంలోంచి కోత పడుతూ ముప్పై ఏళ్లు మగ్గం దగ్గర నిలబడిన మనిషికి చట్టం హామీ ఇచ్చే కనీసం వెయ్యి.

ఇంటిపెద్ద తన కంచంలో ముందే వడ్డించుకుని, గిన్నెలో ఏమైనా మిగిలిందా అని తరువాత చూసినట్టుంది ఈ వ్యవహారం. నాయకులకు ధరలు తెలియవన్న మాటను నేను ఒప్పుకోను. ధరలు పెరుగుతాయని వాళ్లకు అంత బాగా తెలుసు కాబట్టే, తమ వరకు చట్టంలో రాసుకున్నారు.

ఉద్దానం (పలాస)

మాస్టారూ, మీరు చెప్పిన లెక్కను మా సంఘం మీటింగులో చదివి వినిపించాను. అందరూ ఒకసారి మళ్లీ చదవమన్నారు.

మాది జీడిపిక్కల ఊరు. పలాస, కాశీబుగ్గ జీడిపప్పు అంటే దేశమంతా తెలుసు, ఆ పప్పు పొట్టు తీసే ఆడవాళ్ల వేళ్లు మాత్రం ఎవరూ చూడరు. పిక్క కొట్టినప్పుడు కారే సొన తగిలితే చర్మం కాలి నల్లబడుతుంది. ఎంత బూడిద రాసుకున్నా, ఆముదం పూసుకున్నా కొన్నేళ్లకు వేలి కొస నున్నగా అరిగిపోతుంది. అలాంటి వేలిని రేషను మిషను మీద పెడితే ముద్ర పడదు. బొటనవేలు పడకపోతే చూపుడు వేలు, అదీ పడకపోతే చెయ్యి కడుక్కుని రమ్మంటారు, అప్పటికీ పడకపోతే రేపు రమ్మంటారు. పిక్కలకు కిలో లెక్కన కూలి ఇస్తారు కాబట్టి, ఆ రేపటికి కూలి పోయినట్టే. ఉపాధి పనికి వెళ్లినా ఇదే వరస. పూటకొక ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి, సిగ్నలు లేక ఫోటో ఎక్కకపోతే మట్టి తవ్వినా మస్టరులో పడదు. 2025-26కు మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలని రాశారు గానీ, కొలతల ప్రకారం ఇచ్చేది కాబట్టి గట్టి నేల పడిన గుంపుకు అంత రాదు. ఈ యంత్రాలనూ ఈ నియమాలనూ పెట్టినవాళ్లలో ఒక్కరు మా గోదాములో ఒక పూట కూర్చుని ఉంటే, వేలిముద్ర పడలేదని మా ఆడవాళ్లను ఇలా తిప్పేవారా?

అప్పుల సంగతి కూడా చెప్పాలి. పొదుపు సంఘం బ్యాంకు అప్పుకు వడ్డీ తక్కువే. కానీ ఆసుపత్రి ఖర్చు బ్యాంకు మేనేజరు వచ్చేదాకా ఆగదు. అప్పుడు వారం కిస్తీల ప్రైవేటు గ్రూపు లోను తీసుకుంటాం. ఒక ఇంటి కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదని రిజర్వు బ్యాంకు 2022లో నియమం పెట్టిందట. మా దగ్గరకు వచ్చే కుర్రవాడు ఆదాయం గడిలో తనకు కావలసిన అంకె తానే వేసుకుంటాడు, మేము సంతకం పెడతాం. ఒక కిస్తీ కట్టడానికి ఇంకొక లోను, దానికోసం చెవులవి తాకట్టు. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో ఈ బాధ భరించలేక ప్రాణాలు తీసుకున్న ఇళ్లను చూసిన తరువాతే ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ తరువాత ఆ విషయం మీద పెద్దగా మాట్లాడిన నాయకుడిని మా వైపు నేను చూడలేదు.

మా ఉద్దానం కిడ్నీ రోగుల విషయంలో మాత్రం ప్రభుత్వాలు కదిలాయని చెప్పకపోతే తప్పవుతుంది. డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు పదివేల పింఛను వస్తోంది, 2023 డిసెంబరులో పలాసలో ఆసుపత్రి తెరిచారు. అయినా రోగి వెంట వారానికి రెండు మూడు సార్లు వెళ్లే భార్య కూలి ఎవరి లెక్కలోనూ లేదు.

ఏడురోడ్లు (శ్రీకాకుళం)

నేను ఆటో నడుపుతాను. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశారు. మా ఇంట్లో ఆడవాళ్లు కూడా సంతోషించారు, నేనూ కాదనలేదు. అయితే మరునాటి నుంచి బస్సు కాంప్లెక్సు దగ్గర మా బేరాలు సగానికి పడిపోయాయి. అక్టోబరులో సొంత ఆటో ఉన్నవాళ్ల ఖాతాల్లో పదిహేను వేలు వేశారు. నాది అద్దె ఆటో, అందువల్ల నాకు రాలేదు. రోజు అద్దె కట్టి నడిపేవాడు సొంత ఆటో ఉన్నవాడికంటే బీదవాడని తెలుసుకోవడానికి పెద్ద సర్వే అక్కరలేదు, ఏ స్టాండులో అడిగినా చెబుతారు. అడిగేవారు రాలేదు.

భోగాపురం విమానాశ్రయానికి ఒక ముఖ్యమంత్రి 2019లో, ఇంకొక ముఖ్యమంత్రి 2023లో శంకుస్థాపన చేశారు. రెండు సభలకూ జనాన్ని చేరవేసిన బండ్లలో మావీ ఉన్నాయి. విమానం దిగినవాళ్లు ఆటో ఎక్కుతారా లేదా అన్నది నాకింకా తేలలేదు.

రచ్చబండ (పాలకొండ)

నేను ఒకప్పుడు సర్పంచుగా చేశాను, రెండు పార్టీల కండువాలూ కప్పుకున్నాను, కాబట్టి నాయకుల ఇళ్ల లోపలి సంగతి కొంత తెలిసి రాస్తున్నాను. చంపావతి అడిగిన ప్రశ్నకు నా జవాబు కొంచెం పొడుగ్గా ఉంటుంది.

నాయకుడు జనానికి దూరంగా ఉంటాడన్న మాట మన జిల్లాల్లో పూర్తిగా నిజం కాదు. ఉదయం ఆరున్నరకే ఎమ్మెల్యే ఇంటి వరండా నిండిపోతుంది. ఒకరికి పోలీసు స్టేషనులో పని, ఒకరికి బదిలీ, ఒకరికి ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కు, ఒకరికి ఆగిపోయిన పింఛను, ఒకరు పెళ్లి పత్రిక ఇవ్వడానికి వస్తారు. నియోజకవర్గంలో ఎవరు చనిపోయినా ఆయనకు గంటలో తెలుస్తుంది, పదకొండో రోజుకు వచ్చి దండ వేస్తాడు. మనుషుల పేర్లు, ఇంటిపేర్లు, ఎవరి అల్లుడు ఎవరో ఆయనకు నోటికి వస్తాయి. కానీ ఆ వరండాలో కాంట్రాక్టు కార్మికుడు కనపడడు. ఆ వేళకు అతను ఏదో ఒక షిఫ్టులో ఉంటాడు, లేదా రాత్రి షిఫ్టు దిగి పడుకుని ఉంటాడు. వచ్చినా తన కొడుక్కి సీటు కోసం వస్తాడు తప్ప, ఓవర్‌టైము డబ్బు సింగిలు రేటునే ఇస్తున్నారని చెప్పడానికి రాడు. అది చెప్పాలంటే ఎవరి మీద చెప్పాలి? అసలు చిక్కు అక్కడే ఉంది.

ఫ్యాక్టరీకి మనుషులను సరఫరా చేసే కాంట్రాక్టరు ఎవరు? క్యాంటీను ఎవరిది? బూడిద తోలే లారీలు ఎవరివి? అధికారం మారిన ఆరు నెలలలోపు ఈ పనులన్నీ చేతులు మారుతాయని మనకందరికీ తెలుసు. మండలంలో జెండా మోసినవాడికి నాయకుడు ఇవ్వగలిగినది ఈ లేబరు కాంట్రాక్టే. ఒక్కొక్క మనిషి మీద రోజుకు ఇంత అని మిగుల్చుకుంటే తప్ప ఆ కాంట్రాక్టులో లాభం లేదు. కాబట్టి కార్మికుడి జీతం గురించి ఎమ్మెల్యే మాట్లాడాలంటే, ముందు తన సొంత మనిషి జేబు గురించి మాట్లాడాలి. ఏ పార్టీవాడైనా ఆ పని ఎందుకు చేస్తాడు? తెలియక ఊరుకుంటున్నాడనుకుని మనం అర్జీలు రాస్తూ ఉంటాం, అవి చదివి పక్కన పెట్టేవాడికి మనకంటే బాగా తెలుసు.

ఇక ఎన్నికల ఖర్చు. అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలు మించకూడదని 2022 నుంచి పరిమితి ఉంది. ఆ అంకె లోపలే గెలిచామని లెక్కలు సమర్పించేవాళ్లను చూసి నేను వ్యాఖ్యానించను, కోట జంక్షన్ గారు చెప్పిన కవర్లు ఏ పద్దులోకి వస్తాయో మీరే ఊహించుకోండి. నామినేషను డిపాజిట్టే అసెంబ్లీకి పదివేలు. చంపావతి లాంటివాడు నిలబడాలంటే ముందు ఒక నెల కిరాణా మానుకోవాలి. అందుచేత పోటీ చేసేవాళ్లు గుత్తేదార్లు, వ్యాపారులు, నాయకుల పిల్లలు అవుతున్నారు.

ఎప్పుడూ ఇలాగే లేదు. అఖిల భారత కిసాన్ సభ మహాసభ 1940లో పలాసలో జరిగింది. అదే సంవత్సరం ఏప్రిల్ 1న మందస జమీందారీ అడవిలో కట్టెల హక్కు కోసం తిరగబడిన గుడారి రాజమణిపురం రైతుల మధ్య వీరగున్నమ్మ పోలీసు తూటాకు నేలకొరిగింది. గౌతు లచ్చన్న గారు గీత కార్మికుల, రైతుల పోరాటాల్లోంచి శాసనసభకు వెళ్లిన మనిషి. వాళ్లంతా దేవతలని నేననను, కానీ వాళ్లను సభకు పంపినది సంఘం. ఇప్పుడు పంపుతున్నది పెట్టుబడి.

చంపావతి (డెంకాడ)

రచ్చబండ గారూ, మా కాంట్రాక్టరు మీరు చెప్పిన బాపతే. ఎన్నికల తరువాత మా గేటు పాసుల మీద కాంట్రాక్టరు పేరు మారింది, మా జీతం మారలేదు. పాత సర్వీసు లెక్కలోకి రాదని, కొత్తగా చేరినట్టు సంతకం పెట్టమని మాత్రం చెప్పారు, పెట్టాం.

తీరం (సంతబొమ్మాళి)

మా మత్స్యకారుల మాట కూడా ఇందులో చేర్చండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలకు ఇచ్చే భృతి పదివేల నుంచి ఇరవై వేలయింది, 2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి బుడగట్లపాలెం వచ్చి ఇచ్చారు. మిగిలిన పది నెలలకు మా కుర్రాళ్లు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి సేట్ల బోట్లలో పనిచేస్తారు. ఇంత పొడుగు తీరం ఉండి కూడా ఇక్కడ పెద్ద బోటు నిలిపే చోటు లేకపోవడమే దానికి కారణం. 2018లో అలా వెళ్లిన మనవాళ్లను పాకిస్తాను పట్టుకుపోతే, ఇరవై మంది 2020 జనవరిలో గానీ తిరిగి రాలేదు. వాళ్లు వచ్చినప్పుడు పూలదండలతో ఫోటోలు దిగిన నాయకులు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు. ఆ తరువాత కూడా వెరావల్ రైలు ఎక్కడం మాకు తప్పలేదు.

కోట జంక్షన్ (విజయనగరం)

అందరూ నన్ను నాయకుల వకీలు అనుకుంటున్నట్టున్నారు, కాబట్టి ఇంకొక ప్రశ్న వేస్తాను, జవాబు చెప్పండి. జీతాలు పెంచమంటున్నారు, మంచిదే. జూట్ మిల్లులు ఎన్నిసార్లు లాకౌటు అయ్యాయో విజయనగరం వాడిగా నేను చూశాను. బంగ్లాదేశ్ నుంచి చవక సరుకు వచ్చి పడింది, ప్లాస్టిక్ సంచి చవక, మన దగ్గర గోగు పండించే రైతులు తగ్గిపోయి నార బయటనుంచి తెప్పించుకోవాలి. జీతం పెంచిన మరునాడు యజమాని గేటుకు తాళం వేస్తే నష్టపోయేది కార్మికుడే. మిల్లు మూతపడిన నెలల్లో మా కొట్టు బేరం కూడా పడిపోయింది. ఎమ్మెల్యే గట్టిగా మాట్లాడితే ఫ్యాక్టరీ ఒడిశాకు పోతుందన్న భయం ఆయనకు ఉండదా?

లెక్కల మాస్టారు (విజయనగరం)

మంచి ప్రశ్న. ఆ భయం నిజమైనదే, అయితే జూట్ విషయంలో ఒక సంగతి మరచిపోతున్నారు. 1987 నాటి జూట్ ప్యాకేజింగు చట్టం ప్రకారం ఆహార ధాన్యాలను గోనె సంచుల్లోనే నింపాలి, ఆ సంచులను కొనేది ప్రధానంగా ప్రభుత్వ సంస్థలు. సంచి ధరను జూట్ కమిషనరు ఉత్పత్తి ఖర్చును లెక్కగట్టి నిర్ణయిస్తారు, ఆ ఖర్చులో కూలి కూడా ఒక పద్దు. అంటే అక్కడ బేరం యజమానికీ కార్మికుడికీ మధ్య మాత్రమే లేదు. సంచి కొనేవాడు ప్రభుత్వం, ధర కట్టేవాడు ప్రభుత్వం, కనీస వేతనం నిర్ణయించేవాడూ ప్రభుత్వమే. ఈ మూడు చోట్లా ఒకే లెక్క ఉండాలని అడగగలిగినవాడు పార్లమెంటు సభ్యుడు ఒక్కడే.

మందుల ఫ్యాక్టరీల విషయంలో మీ మాటలో బలం ఉందని ఒప్పుకుంటాను. అయినా పరిశ్రమ పోతుందన్న భయంతో సభలో తీసుకునే నిర్ణయాలన్నీ ఒకే వైపు ఒరుగుతున్నాయని గమనించండి. 2025లో మన రాష్ట్రం ఫ్యాక్టరీల్లో రోజు పని గరిష్ఠంగా 9 గంటలు ఉన్నదానిని 10కి పెంచింది. గంట పెంచడానికి ఎంత కొద్ది సమయం పట్టిందో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది.

వంశధార (శ్రీకాకుళం)

నేను కార్మికుల కేసులు చూసే వకీలు దగ్గర పనిచేస్తాను. కొన్ని విషయాలు స్పష్టం చేయాలి.

కనీస వేతనాలను అయిదేళ్లకు మించకుండా సవరించాలని 1948 చట్టంలోనే ఉంది, 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన కొత్త వేతనాల కోడ్‌లోనూ అదే గడువు ఉంది. మధ్యలో ధరల సూచీని బట్టి కరువు భత్యం కలుపుతారు గానీ, ఆ భత్యం పాత మూల వేతనం మీదే పేరుకుంటూ పోతుంది. పార్లమెంటు సభ్యుల చట్టానికీ దీనికీ తేడా ఎక్కడ ఉందో చూడండి. అక్కడ పెంపు జరగకుండా ఆపాలంటే ఎవరో ఒకరు పూనుకోవాలి. ఇక్కడ పెంపు జరగాలంటే ఎవరో ఒకరు పూనుకోవాలి, కమిటీ వేయాలి, కమిటీ కూర్చోవాలి, ప్రభుత్వం సంతకం చేయాలి. గడువు దాటిందని శిక్ష పడిన మంత్రి గానీ అధికారి గానీ నాకు తెలిసి లేరు.

అడిగినవాళ్లకు ఏం జరిగిందో కూడా గుర్తుంచుకోవాలి. నెల్లిమర్లలో 1994 జనవరిలో జూట్ కార్మికుల మీద పోలీసులు జరిపిన కాల్పుల్లో అయిదుగురు చనిపోయారు. ఆ కుటుంబాలకు దగ్గరివాళ్లు ఈ చర్చ చదువుతూ ఉండవచ్చు కాబట్టి ఇంతకంటే రాయను.

చంపావతి గారూ, కొత్తగా చేరినట్టు సంతకం పెట్టించుకున్నారన్నారు కదా, ఆ విషయం తేలికగా తీసుకోకండి. కాంట్రాక్టరు మారినా అదే ఫ్యాక్టరీలో తెగకుండా పనిచేశామని చూపించగలిగితే గ్రాట్యుటీ (పని మానేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే డబ్బు) కోసం గట్టిగా వాదించవచ్చు. సంవత్సరానికి పదిహేను రోజుల జీతం చొప్పున లెక్క, ఇవ్వవలసిన నాటి నుంచి ముప్పై రోజులలోపు ఇవ్వాలి, దాటితే వడ్డీ. మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి) నంబరుతో పీఎఫ్ పాస్‌బుక్కు తీస్తే ఏ నెల ఏ సంస్థ పేరుతో జమ అయిందో వరసగా కనపడుతుంది. ఆ కాగితమే మీకు సాక్ష్యం. పాత గేటు పాసులు, ఈఎస్‌ఐ కార్డు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు దాచుకోండి.

రచ్చబండ (పాలకొండ)

వంశధార గారు చెప్పినది ఒక్కొక్కరు విడిగా చేస్తే కాంట్రాక్టరు మరునాడే గేటు పాసు లాగేసుకుంటాడు. షిఫ్టుకు పదిమంది కలిసి చేయాలి.

చంపావతి (డెంకాడ)

మా షిఫ్టులో అడిగాను, వస్తామన్నవాళ్లు ఉన్నారు, భయపడుతున్నవాళ్లూ ఉన్నారు. అయితే పీఎఫ్ పింఛను సంగతి మా కాంట్రాక్టరు చేతిలో లేదు కాబట్టి దానికి అందరూ సంతకం పెడతామంటున్నారు. దానిని ఎవరికి ఇవ్వాలి? సోమవారం కలెక్టరేటులో ఇస్తే సరిపోతుందా?

లెక్కల మాస్టారు (విజయనగరం)

సోమవారం అర్జీల్లో ఇస్తే రసీదు వస్తుంది, పని జరగదు, ఎందుకంటే అది కలెక్టరు పరిధిలోనిది కాదు. పార్లమెంటు సభ్యునికే ఇవ్వాలి. మన జిల్లాల సభ్యులకు విడివిడిగా, ఒకే పాఠంతో ఇవ్వండి. పెంచండి అని మాత్రం రాయవద్దు, ఆ మాటకు పరిశీలిస్తామని జవాబు వస్తుంది. సభ్యుల జీతానికి 2018లో పెట్టిన ధరల సూచీ నిబంధననే పీఎఫ్ కనీస పింఛనుకు కూడా వర్తింపజేయాలని 377 నిబంధన (సభ్యుడు ఒక ప్రజా సమస్యను సభ దృష్టికి తెచ్చే నిబంధన) కింద లోక్‌సభలో లేవనెత్తుతారా, లేవనెత్తరా అని అడగండి. ఏ తేదీలోగా చెబుతారో కూడా అడగండి. అర్జీ ముసాయిదా నేను రాసి పెడతాను, వంశధార గారు ఒకసారి చూడాలి.

కోట జంక్షన్ (విజయనగరం)

సంతకాల కాగితాలు నా కొట్టులో పెట్టండి. మిల్లు పింఛనుదారులు సరుకులకు ఎలాగూ ఇక్కడికే వస్తారు. జవాబు వస్తుందన్న నమ్మకం నాకు లేదు, అది ముందే చెబుతున్నాను.

ఉద్దానం (పలాస)

మాస్టారూ, ముసాయిదాలో వేలిముద్ర పడనివాళ్లకు రేషను మిషను దగ్గర వేరే దారి చూపించాలన్న ముక్క కూడా చేర్చండి. మా ఆడవాళ్లు సంతకాలు పెడతారు, చదువు రానివాళ్లు కొందరున్నారు, వాళ్లు వేలిముద్ర వేస్తారు. కాగితం మీద సిరా ముద్ర ఎంత మసకగా పడినా అర్జీ చెల్లుతుందా లేదా అని వంశధార గారు చెప్పాలి.

వంశధార (శ్రీకాకుళం)

చెల్లుతుంది అమ్మా. ముద్ర పక్కన పేరు, ఊరు రాసి, సాక్షిగా చదువుకున్నవాళ్లు ఒకరు సంతకం పెడితే చాలు. ఆ ముక్కను మాత్రం వేరే అర్జీగా, పౌర సరఫరాల అధికారికి సోమవారమే ఇవ్వండి. పింఛను కాగితంలో కలిపితే రెండూ తేలవు.